తల్లిపాలు - శిశువు హక్కు

పుట్టిన పసికందు తన హక్కు ఏమిటో నోరు తెరిచి అడగలేదు. అందుకే కరుణామయుడైన అల్లాహ్ ఆ హక్కును తన గ్రంథంలోనే పొందుపరిచాడు. పాలిచ్చే గడువు పూర్తి చేయదలిస్తే అది రెండు సంవత్సరాలని అల్ బఖరా సూరా 233వ ఆయతు తెలుపుతోంది. ఆ కాలంలో తల్లి అన్నవస్త్రాల బాధ్యత తండ్రిదేనని కూడా అందులోనే ఉంది. పాలు మాన్పించాలన్నా ఇద్దరూ సంప్రదించుకుని, పరస్పర అంగీకారంతోనే మాన్పించాలి.

ఈ ఆదేశంలో ఎంత మేలుందో చూడండి. కాన్పు కాగానే వచ్చే చిక్కని, పసుపుపచ్చని ముర్రుపాలలో రోగాలతో పోరాడే శక్తి పుష్కలంగా ఉంటుంది. పసివాళ్ల ప్రాణాలు తీసే నీళ్ల విరేచనాలు, న్యుమోనియాల నుంచి తల్లిపాలు కాపాడతాయి. తల్లులందరూ సరిగా పాలివ్వగలిగితే ఏటా ప్రపంచంలో 8 లక్షలకు పైగా పిల్లల మరణాలను నివారించవచ్చని 2016లో లాన్సెట్ వైద్య పత్రిక అంచనా వేసింది.

మరి మన ఇళ్లలో ఏం జరుగుతోంది? కొందరు ముర్రుపాలు మంచివి కావని పిండి పారబోస్తారు. పంచదార నీళ్లు, తేనె, ఘుట్టీ పోస్తారు. ఇది ధర్మం చెప్పిన మాట కాదు. ఖర్జూరంతో తహ్నీక్ చేయడం సున్నతే గాని, అది పాలకు బదులు కాదు. ఏడాది నిండని శిశువుకు తేనె ప్రమాదకరమని వైద్యులు హెచ్చరిస్తున్నారు. పుట్టిన గంటలోపే పాలు పట్టాలి. ఆరు నెలల వరకు తల్లిపాలే చాలు, ఎండాకాలంలోనైనా వేరే నీళ్లు అక్కర్లేదు. ఆ తర్వాత మెత్తని ఆహారంతో పాటు రెండేళ్లు, ఆ పైనా పాలు కొనసాగించాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా.

అయితే తల్లి కడుపు నిండాలి, ఆమెకు విశ్రాంతి దొరకాలి. రమజాన్‌లో తనకో, బిడ్డకో హాని కలుగుతుందని భయపడే బాలింత ఉపవాసం వాయిదా వేసుకోవడానికి షరీఅత్ వెసులుబాటు ఇచ్చింది. అలాంటప్పుడు ఇంటి చాకిరీ ఆమె నెత్తిన వేయడం అత్తమామలకు, భర్తకు తగునా? అనారోగ్యంతో పాలివ్వలేని తల్లిని నిందించకండి. వేరొక స్త్రీ చేత పాలిప్పించడానికి ఆ ఆయతే అనుమతించింది. ఏం చేయాలో డాక్టరును అడగండి.

మన ఒడిలోని ప్రతి బిడ్డా అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. ఆ అమానతును కాపాడే భాగ్యం అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.