గాలిలో తిరిగే మర

నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టులోని మిర్యాలగూడ ప్రాంతం వరి పంటకు, బియ్యం మిల్లులకు ప్రసిద్ధి. ఇక్కడి విద్యార్థులకు ట్రాక్టర్ కొత్త కాదు. దమ్ము చేసే మడిలో రైతు దానిని తక్కువ గేరులో నడుపుతాడు. రోడ్డు ఎక్కగానే గేరు మారుస్తాడు. బ్యాటరీతో ఎగిరే రేడియో నియంత్రిత నమూనా విమానానికి సాధారణంగా అటువంటి సౌకర్యం ఉండదు. దాని గేరును ముందుగానే నిర్ణయించేది ప్రొపెల్లర్. ఆ ఎంపిక సరైనదైతే విమానం ఎగురుతుంది; తప్పితే మోటారు కాలిపోతుంది.

ప్రొపెల్లర్‌పై ‘10×5’ వంటి రెండు అంకెలు ఉంటాయి. మొదటిది వ్యాసం, రెండవది పిచ్. రెండూ అంగుళాలలోనే చెప్పబడతాయి. చెక్కలోకి దిగే మర ఒక చుట్టుకు కొంత లోపలికి పోతుంది. అదే విధంగా ప్రొపెల్లర్ జారుడు లేకుండా ఒక చుట్టుకు ముందుకు సాగే దూరమే పిచ్. వ్యాసం ఎక్కువై పిచ్ తక్కువైతే అది దమ్ము గేరు వంటిది. నెమ్మదిగా, బలంగా లాగుతుంది. వ్యాసం తక్కువై పిచ్ ఎక్కువైతే అది రోడ్డు గేరు వంటిది.

అయితే ప్రొపెల్లర్ కేవలం మర మాత్రమే కాదు. 1903 డిసెంబరు 17న ఎగిరిన రైట్ సోదరులు దానిని గుండ్రంగా తిరిగే రెక్కగా గుర్తించారు. ఓడల ప్రొపెల్లర్ల శాస్త్రం తమకు ఉపకరించకపోవడంతో స్వయంగా లెక్కలు కట్టారు. వారు చెక్కిన ప్రొపెల్లర్లు ఇంజను శక్తిలో సుమారు 75 శాతాన్ని ఉపయోగకరమైన పనిగా మార్చగలిగాయి.

నేటి విద్యార్థికి లెక్క సులభం. మోటారుపై ఉండే ‘కేవీ’ అంటే కిలోవోల్టు కాదు. భారం లేనప్పుడు ఒక్కొక్క వోల్టుకు నిమిషానికి తిరిగే చుట్ల సంఖ్య. 1000 కేవీ మోటారుకు మూడు సెల్‌ల లిథియం పాలిమర్ బ్యాటరీ 11.1 వోల్టులు ఇస్తే 11,100 చుట్లు వస్తాయి. ప్రొపెల్లర్ భారం పడినప్పుడు అవి 8,000కు తగ్గాయనుకొంటే, 5 అంగుళాల పిచ్‌కు నిమిషానికి 40,000 అంగుళాలు, అనగా గంటకు సుమారు 61 కిలోమీటర్లు. గంటకు 25 కిలోమీటర్ల కంటే తగ్గితే గాలిలో నిలువలేని శిక్షణ విమానానికి ఈ వేగం చాలును.

ఇక్కడే తొందరపాటు ప్రమాదం తెస్తుంది. ‘మరికొంత బలం కావాలి’ అని ఒక విద్యార్థి 9 అంగుళాల ప్రొపెల్లర్‌ను తీసి, అదే ఆకృతి గల 10 అంగుళాలది బిగించాడనుకొందాం. పెరిగినది ఒక్క అంగుళమే. కాని అదే చుట్ల వేగం నిలపాలంటే కావలసిన శక్తి వ్యాసం అయిదవ ఘాతాన్ని అనుసరించి సుమారు 70 శాతం పెరుగుతుంది. మోటారు నెమ్మదించినా, బ్యాటరీ నుండి ఎక్కువ కరెంటు లాగుతుంది. తీగచుట్టలో పుట్టే వేడి ఆ కరెంటు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. కొద్ది నిమిషాలలోనే మోటారుగాని, స్పీడ్ కంట్రోలర్‌గాని పాడు కావచ్చు.

వేసవి ఎండ ఈ కష్టాన్ని పెంచుతుంది. 15 డిగ్రీల గాలితో పోల్చితే 45 డిగ్రీల గాలి సాంద్రత సుమారు 9 శాతం తక్కువ. ప్రొపెల్లర్ లాగే బలం తగ్గుతుంది. మోటారు చల్లబడటమూ తగ్గుతుంది. కనుక ఎగురవేసే ముందు విమానాన్ని గట్టిగా బిగించి, పూర్తి వేగంలో కరెంటును మీటరుతో కొలవాలి. అది మోటారు, కంట్రోలర్, బ్యాటరీల పరిమితులలో ఏ ఒక్కదానినీ దాటరాదు. ఆ సమయంలో ప్రొపెల్లర్ తిరిగే తలానికి ఎదురుగా ఎవరూ నిలబడరాదు. పగులు కనిపించిన ప్రొపెల్లర్‌ను అతికించి వాడరాదు, పారవేయవలసిందే.

నేడు వరి పొలాలపై మందు చల్లే డ్రోన్లకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. మందు బరువును మోసేది ప్రొపెల్లర్. దాని భారాన్ని మోసేది మోటారు. బలం పెంచేముందు భారం లెక్కించడమే వివేకం.

అర్థాలు
ఆయకట్టు = కాలువ నీరు పారే భూమి
తలం = చదునైన ఉపరితలం
వివేకం = మంచిచెడులు ఎరిగే తెలివి

ప్రశ్నలు
1. ప్రొపెల్లర్‌ను ట్రాక్టర్ గేరుతో పోల్చడంలోని ఔచిత్యాన్ని వివరించండి.
2. ఒక్క అంగుళం పెరిగితే మోటారు ఎందుకు వేడెక్కుతుంది?