బదనికా? ఆర్కిడా? గుర్తుపట్టడం ఎలా?



హాస్టల్లో తొమ్మిదో తరగతి చదివేటప్పుడు వేసవి సెలవుల్లో ఒక మామిడి తోటకు కూలికి పోయాను. కొమ్మల మీది బదనికలు కోసేయడం పని. వాటితోపాటు పట్టీల్లాంటి ఆకులున్న ఇంకో మొక్కను కూడా పీకి పారేశాను. అది చెట్టుకు ఏ హానీ చేయని ఆర్కిడ్ అని డిగ్రీలో వృక్షశాస్త్రం చదివాకే తెలిసింది. దాని పేరు వాండా టెస్సెలేటా. మన నల్లమలలోనూ ఉంది.

తెలుగులో రెండింటినీ బదనిక అనే అంటారు. చిక్కంతా అక్కడే. సంస్కృతంలో చెట్టు మీద పెరిగే మొక్కను వందాకం అంటారు. వాండా అనే పేరు దాన్నుంచే వచ్చింది. టెస్సెలేటా అంటే గళ్ళు గళ్ళుగా ఉన్నది అని అర్థం. కోరమాండల్ తీరపు మొక్కల మీద రాక్స్‌బర్గ్ 1795లో వెలువరించిన గ్రంథంలో ఈ మొక్క ఉంది.

గుర్తుపట్టే పద్ధతి:

1. మొదలు: అసలు బదనిక కొమ్మలోకి చొచ్చుకుపోయి నీటిని, లవణాలను లాగుతుంది. అతికిన చోట కొమ్మ ఉబ్బి ఉంటుంది. ఆర్కిడ్ వేర్లు లావుగా, బూడిద రంగులో, బెరడు పైననే పాకుతాయి. తడిస్తే పచ్చబడతాయి. వాన నీటినీ గాలిలోని తేమనూ పట్టుకుంటాయి.

2. ఆకు: బదనిక ఆకు వెడల్పు. ఆర్కిడ్ ఆకులు సన్నగా, మధ్యకు మడిచినట్టు, రెండు వరసల్లో ఉంటాయి.

3. పువ్వు: బదనిక పువ్వు సన్నని గొట్టం. ఆర్కిడ్ పువ్వులో గోధుమ రంగు గళ్ళున్న ఐదు రేకులు, వాటి కింద ఊదా రంగు పెదవి ఉంటాయి.

4. కాయ: బదనిక పండులో జిగురు ఉంటుంది. పిట్టలు తిని, విత్తనాన్ని వేరే కొమ్మకు అంటిస్తాయి. ఆర్కిడ్ కాయ పగిలితే దుమ్ములాంటి విత్తనాలు గాలికి ఎగిరిపోతాయి.

మధ్యధరా సముద్ర తీర దేశాల్లో తేనెటీగ ఆర్కిడ్లు ఉన్నాయి. వాటి పెదవి ఆడ తేనెటీగలా కనిపిస్తుంది. మగ ఈగ మోసపోయి వాలితే పుప్పొడి ముద్దలు దానికి అంటుకుంటాయి. అక్కడ కూడా జాతిని గుర్తుపట్టాలంటే ముందు చూడాల్సింది పెదవినే.

ఆర్కిడ్ విత్తనంలో ఆహార నిల్వ ఉండదు. తగిన శిలీంధ్రం తోడు దొరికితేనే మొలుస్తుంది. అందుకే ఒక్క మొక్కను పీకితే దాని స్థానంలో ఇంకొకటి రావడం చాలా కష్టం. మందు కోసమని, అందం కోసమని అడవి నుంచి తేవద్దు.

ఈసారి తోటకు పోతే కొడవలి ఎత్తే ముందు మొదలు చూడండి. బదనికను కోయండి, ఆర్కిడ్‌ను వదిలేయండి. ఆ రోజు నాకు ఎవరూ చెప్పలేదు. మీ ఊళ్ళో పెద్దవాళ్ళకు మీరైనా చెప్పండి.