త్రాగునీరు - క్లోరిన్ - పరీక్ష

నీరు ప్రాణాధారమని మనకందరికీ తెలిసినదే. కాని ఆ నీటిద్వారానే కలరా, టైఫాయిడ్ వ్యాపించి ఎన్నో ఊళ్లను శోకసముద్రంలో ముంచిన రోజులున్నాయి. 1908లో అమెరికాలోని జెర్సీ నగరంలో త్రాగునీటికి నిత్యమూ క్లోరిన్ కలపడం ఆరంభమైంది. క్రమంగా ఈ పద్ధతి లోకమంతటా వ్యాపించి, అసంఖ్యాకమైన ప్రాణాలను కాపాడింది.

అయితే 1974లో హాలెండుకు చెందిన రూక్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఒక కొత్త సంగతిని వెల్లడించాడు. క్లోరిన్ కలిపిన తరువాత నీటిలో క్లోరోఫారం పుడుతున్నది! కుళ్లిన ఆకులు, నాచు మొదలైనవాటినుండి నీటిలో చేరిన సేంద్రియ పదార్థాలతో క్లోరిన్ సంయోగం చెందడమే ఇందుకు కారణం. ఇట్లా ఏర్పడే నాలుగు ముఖ్య పదార్థాలను ట్రైహాలోమీథేనులు అంటారు. ఇవి హెచ్చు మోతాదులో జంతువులకు క్యాన్సరు కలిగించినట్లు ప్రయోగాలలో తేలింది. అందుచేత అమెరికా 1979లో వీటి మొత్తానికి లీటరుకు 0.10 మిల్లీగ్రాముల హద్దు విధించి, 1998లో దానిని 0.08కి తగ్గించింది. 2012 నాటి భారతీయ ప్రమాణం ప్రకారం క్లోరోఫారం ఒక్కటే లీటరుకు 0.2 మిల్లీగ్రాములకు మించరాదు.

ఈ స్వల్ప పరిమాణాలు కంటికి కనబడవు, నాలుకకు తెలియవు. గ్యాస్ క్రొమటోగ్రాఫ్ అనే యంత్రంతోనే వీటిని కొలవాలి. కాని యంత్రం ఎంత గొప్పదైనా, నీటిని పట్టే చేతికి శ్రద్ధ లేకపోతే ఫలితం అబద్ధమే. గాజు సీసాలో గాలిబుడగ మిగలకుండా నీరు నింపాలి. లేనిచో ఈ పదార్థాలు ఆవిరై ఆ గాలిలో చేరుతాయి. సీసాలో ముందుగా కొద్దిగా సోడియం థయోసల్ఫేటు వేయాలి. లేనిచో మిగిలిన క్లోరిన్ దారిలో కూడా వాటిని పుట్టిస్తూనే ఉంటుంది. గొట్టాలలో నీరు నిలిచినకొద్దీ ఇవి పెరుగుతాయి కనుక, శుద్ధికేంద్రం వద్దనే గాక చిట్టచివరి కొళాయి వద్ద కూడా నీరు పట్టాలి.

ఇది చదివి క్లోరిన్‌నే మానుదామనుకోవడం అవివేకం. క్రిములు రోజులలో ప్రాణం తీస్తాయి. ఈ పదార్థాల కీడు ఏండ్ల తరబడి త్రాగినప్పటి మాట. కనుక కుళాయి వద్ద లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండవలసిందే. పటికతో మలినాలను పేర్చి, వడగట్టి, ఆపైన క్లోరిన్ కలపడమే సరైన మార్గం.

విద్యార్థులారా! క్లోరిన్ మిగులును మన ప్రయోగశాలలోనే డి.పి.డి. బిళ్లతో చూడవచ్చు, నీరు గులాబి రంగుకు తిరిగితే క్లోరిన్ ఉన్నట్లే. ట్రైహాలోమీథేనుల పరీక్షకై ఏటా ఒక్క సీసా నీటిని తగిన ప్రయోగశాలకు పంపే ఏర్పాటు చేయవలసిందిగా కళాశాల కమిటీవారిని సవినయంగా కోరుతున్నాను. మనం పుచ్చుకునే ప్రతి గుక్కకూ ఆ మాత్రం విచారణ అవసరం.