చట్టమున మన పేరు కలదా?

చట్టములు కచ్చేరీల విషయమని కొందఱు తలఁతురు. అది పొరపాటు. ఉత్తర సర్కారులలో 1802వ సంవత్సరపు శాశ్వత శిస్తు నిర్ణయము జమీందారు చెల్లింపవలసిన పేష్కషును స్థిరపఱచెను. రైతు చెల్లించు శిస్తునకు మాత్రము గట్టి హద్దు నేర్పఱుపలేదు. అందుచే ధనమును, దానితోఁ బలుకుబడియు నొక్కచోటనే చేరెను. 1908వ సంవత్సరపు ఎస్టేటు భూముల చట్టము రైతునకు సాగుహక్కును గట్టిపఱచెను. 1948వ సంవత్సరపు చట్టము జమీందారీలను రద్దుచేసి రైతులకుఁ బట్టాలకు హక్కు కల్పించెను; కాని వారిక్రింద కౌలునకు దున్నువారికిని, కూలీలకును గల్పింపలేదు.

కావున నే చట్టము వచ్చినను, అందు ఎవరి పేరు కలదో, ఎవరి పేరు లేదో ముందుగా విచారింపవలయును. సహకార సంఘమున వాటా లెన్ని యున్నను సభ్యునకు వోటొక్కటే. సర్వసభ్య సమావేశమునకు వచ్చి, పట్టా లేని కౌలుదారునకు ఋణ మెట్లు లభించునో యడుగుఁడు.