గోళీ ఎటు దొర్లుతుంది? – అదృష్టమా, నేర్పా?

ఏటా జనవరి మొదట్లో హైదరాబాదులోని నాంపల్లిలో ఒక పెద్ద ప్రదర్శన మొదలవుతుంది. సుమారు నెలన్నర రోజులు సాగుతుంది. దాని పూర్తి పేరు అఖిల భారత పారిశ్రామిక ప్రదర్శన. జనం మాత్రం 'నుమాయిష్' అనే పిలుస్తారు. ఆబిడ్సు నుంచి మొజంజాహి మార్కెట్టు మీదుగా నడిచి వెళ్లేంత దూరమే.

ఈ ప్రదర్శన ఎలా పుట్టిందో తెలుసా? హైదరాబాదు సంస్థానపు ఆర్థిక పరిస్థితులను సర్వే చేయాలని ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రులు తలపెట్టారు. అందుకు డబ్బు కావాలి గదా! ఆ నిధుల కోసమే 1938లో పబ్లిక్ గార్డెన్సులో సుమారు 50 దుకాణాలతో మొదటి నుమాయిష్ జరిపారు. 1946లో అది ఇప్పుడున్న మైదానానికి మారింది. అంటే లెక్కలు తీయడం కోసం పుట్టిన ప్రదర్శన అన్నమాట. కాబట్టి మనమూ ఒక లెక్క వేద్దాం.

ఇలాంటి ప్రదర్శనలలోనూ, జాతరలలోనూ జెయింట్ వీలు, రంగులరాట్నంతోపాటు బహుమతుల ఆటలు కూడా ఉంటాయి. డబ్బిచ్చి ఆడితే బహుమతి రావచ్చు, రాకపోవచ్చు. ఇందులో నేర్పు ఎంత, అదృష్టం ఎంత? ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికి మేకుల బల్ల చక్కగా పనికివస్తుంది.

మేకుల బల్ల, మన గణాలు

ఏటవాలుగా నిలబెట్టిన బల్ల మీద మూడు వరుసలలో మేకులు కొట్టారనుకుందాం. మొదటి వరుసలో ఒకటి, రెండో వరుసలో రెండు, మూడో వరుసలో మూడు. అడుగున నాలుగు గళ్లు. పైనుంచి గోళీ వదిలితే అది ప్రతి వరుసలోనూ ఒక మేకుకు తగిలి, ఎడమకో కుడికో తప్పుకుంటుంది. చివరకు ఏ గడిలో పడుతుంది?

ఒక్క గోళీ సంగతి ఎవరూ ముందుగా చెప్పలేరు. కాని దారులు ఎన్నో లెక్కపెట్టవచ్చు. తెలుగు వ్యాకరణం గుర్తు తెచ్చుకోండి. గోళీ ఎడమకు పోతే లఘువు, కుడికి పోతే గురువు అనుకుందాం. మూడు మేకులు దాటిన గోళీ దారి మూడక్షరాల గణం అవుతుంది! అటువంటి గణాలు ఎనిమిదే గదా.

మూడూ లఘువులైనది న గణం ఒక్కటే. ఒక గురువు ఉన్నవి భ, జ, స గణాలు మూడు. రెండు గురువులు ఉన్నవి య, ర, త గణాలు మూడు. మూడూ గురువులైనది మ గణం ఒక్కటే. కాబట్టి నాలుగు గళ్లకు దారులు వరుసగా 1, 3, 3, 1. నడిమి గళ్లకు దారులు ఎక్కువ, అంచు గళ్లకు తక్కువ. గోళీలు మధ్యనే ఎక్కువగా పోగుపడడానికి కారణం ఇదే.

ఇలాంటి అంకెల త్రిభుజాన్ని మన ఛందశ్శాస్త్రంలో 'మేరు ప్రస్తారం' అన్నారు. 10వ శతాబ్దంలో హలాయుధుడు పింగళుని ఛందస్సూత్రాలకు వ్యాఖ్య రాస్తూ దీనిని వివరించాడు. గణితంలో దీనినే పాస్కల్ త్రిభుజం అంటారు. 19వ శతాబ్దంలో ఇంగ్లాండులో ఫ్రాన్సిస్ గాల్టన్ మేకుల బల్లనే తయారుచేసి ఈ సూత్రాన్ని చూపించాడు.

దుకాణదారు లెక్క

ఆటకు 10 రూపాయలనీ, అంచు గళ్లలో పడితే 30 రూపాయల బహుమతి అనీ అనుకుందాం. ఎనిమిది ఆటలకు దుకాణదారుకు 80 రూపాయలు వస్తాయి. ఎనిమిది దారులలో రెండే అంచు గళ్లకు పోతాయి గనుక, సగటున అతను ఇచ్చేది 60 రూపాయలు. మిగిలేది 20. ఏ ఒక్క పిల్లవాడైనా గెలవవచ్చు. కాని 800 ఆటలు జరిగితే సుమారు 2,000 రూపాయలు దుకాణంలోనే ఉంటాయి. ఇందులో మోసమేమీ లేదు. అంతా గళ్ల అమరికలోనే ఉంది. ఎంత సాధన చేసినా ఈ లెక్క మారదు.

నేర్పు ఎక్కడ ప్రవేశిస్తుంది?

ఈ మేకుల బల్లకు దగ్గరి చుట్టమే పిన్‌బాల్ యంత్రం. బాగటెల్ అనే పాత ఆటకు స్ప్రింగుతో బంతిని కొట్టే ఏర్పాటు చేర్చి 1871లో అమెరికాలో మాంటేగ్ రెడ్‌గ్రేవ్ పేటెంటు పొందాడు. 1930లలో నాణెం వేసి ఆడే యంత్రాలు వ్యాపించాయి. అప్పటికింకా ఆటగాడు బంతిని వదిలి చూస్తూ ఉండడమే ఎక్కువ. ఇది జూదమని 1942లో న్యూయార్కు నగరం నిషేధించింది.

1947లో వచ్చిన 'హంప్టీ డంప్టీ' యంత్రంలో ఫ్లిప్పర్లు అమర్చారు. బొత్తాము నొక్కితే తీగచుట్టలో విద్యుత్తు ప్రవహించి, అది విద్యుదయస్కాంతమై ఇనుప కడ్డీని లాగుతుంది. వెంటనే ఫ్లిప్పరు విసురుగా కదిలి, కిందికి వచ్చే బంతిని మళ్లీ పైకి కొడుతుంది.

బల్ల వాలు సుమారు 6.5 డిగ్రీలే. అందుచేత దొర్లే బంతి త్వరణం, స్వేచ్ఛగా కిందపడే వస్తువు త్వరణంలో దాదాపు పన్నెండో వంతే ఉంటుంది. కంటితో చూసి, చేతితో కొట్టడానికి వ్యవధి దొరుకుతుంది. ఈ వ్యవధిలోనే నేర్పు ప్రవేశిస్తుంది.

1976లో రోజర్ షార్ప్ అనే ఆయన న్యూయార్కు నగర మండలి ఎదుట ఈ ఆట ఆడి చూపాడు. బంతి ఏ దారిలో పోతుందో ముందే చెప్పి స్ప్రింగు వదిలాడు. బంతి సరిగ్గా ఆ దారినే పోయింది! నిషేధం తొలగింది. అయితే ఆ ఒక్క దెబ్బకు అదృష్టం కూడా తోడయిందని తరువాత ఆయనే చెప్పాడు. ఒక్కసారి జరిగినది రుజువు కాదు. పదే పదే ఆడినప్పుడు సాధన ఉన్నవాడే ఎక్కువసార్లు గెలిస్తే, అప్పుడు దానిని నేర్పు అనాలి. చికాగో ప్రాంతంలో 1985 నుంచి జరుగుతున్న పిన్‌బాల్ ఎక్స్‌పోకు యంత్రాలను రూపొందించేవారు, సేకరించేవారు, ఆడేవారు వస్తారు. పోటీలూ జరుగుతాయి.

చేసి చూడండి

మూడు నాణేలను కలిపి 80 సార్లు ఎగురవేయండి. ప్రతిసారీ ఎన్ని బొమ్మలు పడ్డాయో రాయండి. 0, 1, 2, 3 బొమ్మలు సుమారుగా 10, 30, 30, 10 సార్లు రావాలి. మీ అంకెలు కొంచెం అటూ ఇటూ ఉంటాయి. తరగతిలోని వారందరూ తమ లెక్కలు కలిపితే నిష్పత్తి 1, 3, 3, 1కి ఇంకా దగ్గరవుతుంది.

ఈసారి బహుమతుల దుకాణం ముందు నిలబడినప్పుడు వెంటనే డబ్బు తీయకండి. ఇతరులు ఆడే ఇరవై ముప్పై ఆటలు గమనించి, ఎందరు గెలిచారో లెక్కపెట్టండి. సాధన చేస్తే ఫలితం మారుతుందా అని ఆలోచించండి. ఆ తరువాత ఆడాలో వద్దో మీరే తేల్చుకోండి.