పారో లోయలోని పులిగుహ

హిమాలయ పర్వతముల తూర్పుభాగమున, భారతదేశమునకును టిబెట్టునకును నడుమ, భూటాను అను చిన్న రాజ్యము కలదు. దాని వైశాల్యము 38,394 చదరపు కిలోమీటర్లు. జనసంఖ్య ఎనిమిది లక్షలకు లోపు. దేశమున ఎటు చూచినను కొండలు, అడవులు, వాగులు. నేలలో నూటికి అరువది పాళ్ళకు తగ్గకుండ అడవిని ఎల్లకాలము కాపాడవలెనని 2008లో అమలునకు వచ్చిన ఆ దేశపు రాజ్యాంగము శాసించుచున్నది.

ఆ రాజ్యపు పశ్చిమభాగమున పారో అను అందమైన లోయ ఉన్నది. పారో పట్టణమునకు ఉత్తరముగా సుమారు 10 కిలోమీటర్ల దూరము పోయి తల యెత్తి చూచినచో, నిట్టనిలువున నిలిచిన నల్లని కొండచరియ కనిపించును. ఆ చరియ నడుమ తేనెపట్టువలె అంటుకొని, తెల్లని గోడలును బంగారు వన్నె శిఖరములును గల కట్టడముల గుంపు ఒకటి ఉండును. అదియే తక్‌త్సాంగ్ మఠము. ఆ దేశపు భాషలో ‘తక్’ అనగా పులి. ‘త్సాంగ్’ అనగా గుహ. కావున తెలుగున దానిని ‘పులిగుహ’ అని చెప్పవచ్చును.

మఠము సముద్రమట్టమునకు 3,120 మీటర్ల ఎత్తున ఉన్నది. లోయనుండి చూచినను దాని ఎత్తు సుమారు 900 మీటర్లు. ఆంధ్రప్రదేశములోని కొండలలో మిక్కిలి ఎత్తైనది 1,700 మీటర్లకు మించదు. దానికి ఇంచుమించు రెట్టింపు ఎత్తున, కాలు జారినచో ఆపుటకు చెట్టుకొమ్మయైన లేని చోట, మనుష్యులు ఈ మఠమును కట్టిరి. వాహనములు నడచు మార్గము అక్కడికి లేదు. రాజైనను, రైతైనను, కొండ యెక్కియే పోవలెను.

యాత్ర ఒక పగటిలో ముగియును గాని తెల్లవారగానే బయలుదేరవలెను. దూరదేశములనుండి వచ్చువారి వెంట గుర్తింపు పొందిన మార్గదర్శకుడు ఒకడు నడచుట అచ్చటి పరిపాటి. అతడు మోకాళ్ళవరకు దిగు ‘ఘో’ అను దేశీయ వస్త్రమును ధరించి, నడుమునకు పట్టీ బిగించి యుండును. కొండ క్రింద నిలిచియే అతడు కొన్ని మాటలు చెప్పును: నీరు వెంట తీసికొనవలెను, చేతులు, మోకాళ్ళు కప్పు దుస్తులు ధరింపవలెను, ఎవరును తొందరపడి నడువరాదు. ఈ చివరి హెచ్చరికకు కారణము కలదు. అంత ఎత్తున వాయుపీడనము సముద్రతీరమున ఉన్నదానికంటె ఇంచుమించు మూడవ వంతు తక్కువ. ఒక్కొక్క ఊపిరితో లోనికి పోవు ప్రాణవాయువును ఆ మేరకు తగ్గును. పరుగెత్తువాడు పది నిమిషములలో కూలబడును. మెల్లగా నడచు ముసలమ్మ జపమాల త్రిప్పుకొనుచు అతనిని దాటిపోవును.

కొండ యెక్కలేనివారికి సగము దారివరకు పొట్టిగుఱ్ఱములు దొరకును. త్రోవ మొదట పైన్ చెట్ల అడవిలో సాగును. కొండవాగుపై చిన్న గదివంటి కట్టడము కనబడును. అందులో రంగులు పూసిన పీపావంటి చక్రము ఒకటి నిలువుగా తిరుగుచుండును. దానిలోపల మంత్రములు వ్రాసిన కాగితములు చుట్టియుండును. వాగునీరు క్రిందనున్న రెక్కలను త్రోయగా చక్రము తిరుగును. ఒకమారు తిరిగినచో అందులోని మంత్రములన్నియు ఒకమారు జపించినట్లు అచ్చటివారి నమ్మకము. పిండి విసరు నీటిమరను త్రిప్పు ఉపాయమే ఇచ్చట ప్రార్థనకు ఉపయోగపడుచున్నది.

పైకి పోవుకొలది చెట్ల కొమ్మలనుండి తాపసుల గడ్డమువలె బూడిదరంగు నాచు వ్రేలాడుచుండును. వసంతకాలమున రోడోడెండ్రాన్ చెట్లు ఎఱ్ఱగా పూచును. చెట్టునకును చెట్టునకును కట్టిన త్రాళ్ళపై అయిదు రంగుల గుడ్డజెండాలు గాలికి ఆడుచుండును. నీలము ఆకాశమునకు, తెలుపు గాలికి, ఎఱుపు నిప్పునకు, పచ్చన నీటికి, పసుపు నేలకు గుర్తులు. పంచభూతముల భావన తెలుగువారికి క్రొత్తది కాదు గనుక ఈ మాట వినగానే దూరదేశమున చుట్టము ఎదురైనట్లు తోచును.

త్రోవప్రక్క రాతి సందులలో మట్టితో చేసిన చిన్న చిన్న స్తూపములు వరుసగా పెట్టియుండును. ఆటబొమ్మలని తలచి వానిని చేతిలోనికి తీసికొనువారు కలరు. మార్గదర్శకుడు అప్పుడు వారించును. చనిపోయిన తమవారి చితాభస్మమును మట్టిలో కలిపి, అచ్చు పోసి, పుణ్యస్థలమున ఉంచుట ఆ ప్రజల ఆచారము. అవి ఒకరి తల్లియో, తండ్రియో, బిడ్డయో విడిచిన గుర్తులు. ఈ సంగతి తెలిసిన పిమ్మట యాత్రికులు ఆ రాళ్ళ ప్రక్కనుండి మెల్లగా ఒదిగి నడుతురు.

సగము దారిలో ఒక ఫలహారశాల ఉన్నది. అచ్చట తేనీరు త్రాగి, సేద దీర్చుకొని మరల ఎక్కినచో, మఠమునకు ఎదుటనున్న కొండకొమ్మునకు చేరుదురు. అచ్చటినుండి మఠము చేయి చాచిన అందునట్లుండును. కాని నడుమ లోతైన అగాధము. నూర్లకొలది మెట్లు దిగి, సుమారు 60 మీటర్ల ఎత్తునుండి దుముకు జలపాతము ప్రక్కనున్న వంతెన దాటి, మరల మెట్లు ఎక్కవలెను. అలసిన కాళ్ళకు ఇదియే కఠినమైన పరీక్ష.

మఠద్వారమున సంచులు, ఛాయాచిత్ర యంత్రములు, చేతిఫోనులు అన్నియు అప్పగించి, పాదరక్షలు విడిచి లోనికి పోవలెను. చిత్రము తీయలేకపోయితిమే యని కొందరు చింతింతురు. కాని చేత యంత్రము లేనప్పుడు కన్ను చక్కగా చూచును; చెవి చక్కగా వినును. లోపల చిన్న చిన్న ఆలయములు రాతిలో తొలచిన మెట్లతోను కొయ్య నిచ్చెనలతోను ఒకదానితో ఒకటి కలిసియున్నవి. కొన్ని చోట్ల గోడ యెక్కడ ముగిసి కొండ యెక్కడ మొదలగునో గుర్తించుట కష్టము.

ఈ కట్టడములన్నిటికి మూలము ఒక గుహ. ఎనిమిదవ శతాబ్దమున పద్మసంభవుడను భారతీయ బౌద్ధాచార్యుడు టిబెట్టునకు పోయి బౌద్ధమును స్థిరపరచెను. హిమాలయ ప్రజలు ఆయనను ‘గురు రింపోచే’, అనగా అమూల్యుడైన గురువు అని పిలుతురు. ఆయన ఆడపులి నెక్కి ఆకాశమార్గమున ఈ చరియకు వచ్చెనని, దుష్టశక్తులను అణచి ఈ గుహలో తపస్సు చేసెనని కథ చెప్పుదురు. ఆయన శిష్యురాలు యేషే త్సోగ్యాల్ ఆ పులి రూపము దాల్చెనని కొందరందురు. తపస్సు మూడు నెలలని ఒక కథ, మూడేండ్ల మూడు నెలలని మరియొక కథ. గుహ తలుపు సామాన్యముగా మూసియుండును. భక్తులు తలుపు ఎదుట మోకరిల్లి, మౌనముగా మరలుదురు.

గుహచుట్టును మఠమును 1692లో గ్యల్సే తెన్జిన్ రబ్‌గ్యే అను పాలకుడు కట్టించెను. మూడు వందల ఏండ్లు అది ఎండకు, మంచునకు, గాలికి తట్టుకొని నిలిచెను. కాని నిప్పునకు నిలువలేకపోయెను. 1998 ఏప్రిల్ 19వ తేదీన మఠము మంటలలో చిక్కుకొనెను. విద్యుత్తీగలలోని లోపము కారణమని కొందరు, వెన్నదీపము జ్వాల తెరగుడ్డలకు అంటుకొనియుండునని కొందరు తలచిరి. లోపలి దూలములు, స్తంభములు, కప్పులు అన్నియు కొయ్యవి. తెరలు, పటములు గుడ్డవి. నిప్పు నార్పు బండి పైకి రాగల దారి లేదు. ప్రధాన భాగము భస్మమయ్యెను. ఒక భిక్షువు ప్రాణములు కోల్పోయెను.

భూటానునకు ఇట్టి దుఃఖము మొదటిది కాదు. ఈ పారో లోయలోనే ఉన్న పెద్దకోట 1907లోను, డ్రుక్‌గ్యెల్ కోట 1951లోను అగ్నికి ఆహుతియైనవి. కొయ్యతో కట్టువారికి నిప్పు ఎప్పుడును పొంచియున్న శత్రువు.

గుహ రాతిది గనుక నిలిచినది. “గురువు కూర్చున్న చోటు మిగిలినది, అది చాలును” అని ప్రజలు ఊరకుండవచ్చును. వారు అట్లు చేయలేదు. మఠమును తిరిగి యథాతథముగా కట్టుటకు పూనుకొనిరి. ప్రభుత్వము అంచనా వేసిన ఖర్చు సుమారు 13 కోట్ల 50 లక్షల నుల్‌ట్రములు. నుల్‌ట్రము విలువ భారతదేశపు రూపాయితో సమానము. సామగ్రిని పైకి చేర్చుటకు లోయనుండి తీగమార్గము వేసిరి. ఏడేండ్ల తరువాత, 2005లో, మఠము తిరిగి ప్రతిష్ఠింపబడెను. నేడు యాత్రికులు చూచునది ఈ రెండవ జన్మ యెత్తిన మఠమునే.

ధనము ఒక్కటే ఉన్నచో ఈ పని జరిగియుండునా? జరిగియుండదు. కొయ్యకు తొర్ర తొలిచి, వేరొక కొయ్య కొనను దానిలో బిగించి, ఇనుపమేకు లేకుండ దూలములను కూర్చు వడ్రంగులు భూటానులో పూర్వమునుండి కలరు. వడ్రంగము, రాతిపని, చెక్కడము, చిత్రలేఖనము, మట్టితో విగ్రహములు చేయుట మొదలైన పదుమూడు విద్యలను ఆ దేశీయులు తమ ఆస్తిగా భావింతురు. వానిని నేర్పుటకు రాజధానియైన తిమ్ఫూ నగరమున 1971లో ఒక విద్యాలయము ఏర్పడెను. మఠము కాలిపోయినప్పుడు చిత్రములు కాలినవి గాని, చిత్రించు చేతులు ఉండెను. దూలములు కాలినవి గాని, దూలము నిలుపు విద్య ఉండెను. తండ్రి నేర్చిన విద్యను కుమారుడు విడిచిపెట్టియున్నచో, ఎంత ధనము పోసినను ఆ గోడలు ఆ రూపున లేచెడివి కావు.

ఈ సందర్భమున తెలుగువారికి తమ ధాన్యకటకము స్మరణకు రావలెను. నేటి అమరావతి చెంతనున్న ఆ క్షేత్రమునకును హిమాలయ బౌద్ధులకును పాతబంధము కలదు. తాము గౌరవించు కాలచక్ర తంత్రమును బుద్ధుడు ధాన్యకటకముననే ఉపదేశించెనని వారి సంప్రదాయము చెప్పును. అందుచేతనే 2006 జనవరిలో దలైలామా అమరావతికి వచ్చి కాలచక్ర దీక్ష నొసగినప్పుడు, హిమాలయ ప్రాంతములనుండి వేలకొలది భక్తులు కృష్ణాతీరమునకు తరలివచ్చిరి. కాని ఆ మహాస్తూపము గతి వేరు. దానిని నిప్పు కాల్చలేదు. భక్తులు తగ్గిన పిమ్మట అది మట్టిదిబ్బ యయ్యెను. పదునెనిమిదవ శతాబ్దము చివర ఊరి కట్టడములకై జనులు దాని రాళ్ళు పెకలించిరి. కల్నల్ కాలిన్ మెకంజీ 1797లో దానిని చూచెను. పిమ్మట బయల్పడిన సున్నపురాతి శిల్పములలో పెక్కు చెన్నై, లండను నగరముల ప్రదర్శనశాలలకు చేరినవి. స్తూపమున్న చోట నేడు మిగిలినది వర్తులాకారపు పునాది మాత్రమే.

రెండు పుణ్యస్థలములు, రెండు విధముల గతులు. ఒకటి ఒక్క దినమున కాలి, ఏడేండ్లలో లేచినది. మరియొకటి ఏ మంటయు లేకుండగనే కొన్ని తరములలో అదృశ్యమైనది. మొదటిదానికి కాపాడువారుండిరి. రెండవదాని విలువ నెరిగినవారు చుట్టుప్రక్కల లేకుండిరి. అగ్నికంటె అజ్ఞానమే ఎక్కువ కాల్చునని దీనివలన తెలియుచున్నది.

మధ్యాహ్నము దాటిన పిమ్మట యాత్రికులు దిగుట ప్రారంభింతురు. గుఱ్ఱములు మనుష్యులను మోసికొని దిగవు. క్రిందికి అందరును కాలినడకనే రావలెను. దిగువారు ఎక్కువారికి దారి యిచ్చి ప్రక్కకు నిలుతురు. ఖాళీ సీసాలును కాగితములును త్రోవలో పారవేయక తమ సంచులలోనే వేసికొని వత్తురు. మార్గదర్శకుడు దీనిని గూర్చి మిక్కిలి పట్టుదలతో ఉండును. పైన దీపము చెంత జాగ్రత్తగా నిలిచిన భిక్షువు, ఉలి పట్టిన వడ్రంగి, త్రోవను శుభ్రముగా ఉంచు బాటసారి, వీరందరును ఒకే పని చేయుచున్నారు.

క్రిందికి వచ్చి వెనుదిరిగి చూచినచో, సాయంకాలపు టెండలో ఆ తెల్లని గోడలు మరల తేనెపట్టువలె చిన్నవిగా కనిపించును. తేనెపట్టు తనంతట తాను ఏర్పడదు. ఒక్కొక్క ఈగ తన వంతు తెచ్చి చేర్చినప్పుడే అది నిలుచును. చెదరినను, ఈగలు బ్రతికియున్నచో మరల కట్టుకొనును. ప్రతి ఊరిలోను ఒక పాతగుడియో, కోటయో, దిబ్బయో, బావియో ఉండును. దాని కథ తెలిసికొని, దాని రాతిని పెకలింపకుండ, దాని గోడపై పేరు గీయకుండ కాపాడు బాలబాలికలు ఆ ఊరికి తేనెటీగలవంటివారు.