వేషము చేజారినప్పుడు

ప్రశ్న: మాది ఉదయగిరి. ఆత్మకూరులో జరుగుచున్న వేసవి నాటక శిబిరమున, ‘ప్రతాపరుద్రీయము’ నాటకములో నేను కోరుకొన్న యుగంధరుని వేషము నా నెచ్చెలికి దక్కినది. నాటినుండి మా నడుమ మాటలు లేవు. నేనేమి చేయవలెను?

జవాబు: అమ్మాయీ, నీ దుఃఖము సహజమే, ఏలయన సమస్తమును చెరిసగముగా పంచుకొన్నవారికి పంచుకొన వీలులేనిది ఎదురగుట బహుశః ఇదియే ప్రథమము. అయినను, 1897లో ‘ప్రతాపరుద్రీయము’ను రచించి, మీ నెల్లూరుననే ఆంధ్ర భాషాభిమాని సమాజమును నెలకొల్పిన వేదము వేంకటరాయశాస్త్రిగారు, ఆ నాటకమందలి చాకలి పేరిగానికి వాని నోటి పలుకుబడినే యొసగి, ఆ చిన్న పాత్రమును మంత్రి యుగంధరుని సరసన ప్రేక్షకహృదయములందు నిలిపిరి; నాకైతే పేరిగాని వేషమే కష్టతరమని తోచును. దానిని అడిగి పుచ్చుకొనుము. అభినందనము నోట రాకున్న బలవంతపడవలదు; ‘నాకు బాధ కలిగినది, నీపై కోపము లేదు’ అని నేడే చెప్పి, ఆమె సంభాషణములు వల్లెవేయునపుడు ఎదుటి పాత్రల మాటలు నీవే అందింపుము.